పోస్టల్ ఓట్లు ముందా, వెనకా

2022 జూన్‌లో నన్ను నందిగామలోని ఒక డిగ్రీ కళాశాలకు రాజనీతిశాస్త్ర శాఖాధిపతిగా వేశారు. జిల్లా రెండుగా చీలి అప్పటికి రెండు నెలలు. కాగితాల మీద కొత్త పేరు రాస్తున్నా, నోటికి మాత్రం కృష్ణా జిల్లా అనే వచ్చేది. ఆ నవంబరులో అమెరికాలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. గాలి ఒకే వైపు వీస్తోందని అక్కడి విశ్లేషకులు అంటున్న రోజుల్లో, గాలీ లేదు దుమారమూ లేదు, ఓటరు ఆచితూచి వేస్తున్నాడు అని జగ్గయ్యపేటలో మైకు పట్టుకుని చెప్పినవాణ్ని నేను. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ ప్రసంగం తర్వాత వ్యాసంగా అచ్చయింది. పదవీ విరమణ సభలో నా గురించి మాట్లాడినవారంతా దాన్నే ప్రస్తావించారు. ప్రస్తావించమని ముందురోజు నేనే గుర్తు చేశాను, అది వేరే సంగతి.

మధ్యంతరం అనగానే మనవాళ్లు సభ నడుమ రద్దయి వచ్చే ఎన్నిక అనుకుంటారు. అక్కడ అది కాదు. అధ్యక్షుడి నాలుగేళ్ల కాలం సగానికి వచ్చినప్పుడు, ముందే ఖాయమైన తేదీన వచ్చే ఎన్నిక. దిగువ సభ మొత్తానికీ, ఎగువ సభలో సుమారు మూడో వంతుకూ పోలింగు జరుగుతుంది. అధ్యక్షుడు పోటీలో ఉండడు, కానీ తీర్పు చాలావరకు ఆయన మీదే. అక్కడి రెండు పెద్ద పార్టీలకు గాడిద, ఏనుగు అని బొమ్మలున్నాయి. గుర్తు చెబితేనే మన విద్యార్థికి పార్టీ గుర్తుంటుంది కాబట్టి పాఠంలో ఆ పేర్లే వాడేవాణ్ని. ఆ ఏడాది అధ్యక్షుడిది గాడిద పార్టీ. అధ్యక్షుడి పార్టీ మధ్యంతరంలో దెబ్బతినడం అక్కడ దాదాపు ఆనవాయితీ. అందుకే ఏనుగు రెండు సభలూ ఊడ్చేస్తుందని చాలామంది లెక్క వేసుకున్నారు.

నవంబరు తొమ్మిది, బుధవారం. అక్కడ పోలింగు ముగిసి లెక్కింపు నడుస్తోంది. మా ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, జగ్గయ్యపేటలోని ఒక పఠన మండలి వారు మర్నాడు సాయంత్రం ఈ ఎన్నికల మీద ప్రసంగం కోరుతున్నారని చెప్పారు. కళాశాల బయటి జనానికి ఇచ్చే ఇలాంటి ప్రసంగాన్ని ఎక్స్‌టెన్షన్ లెక్చర్ అంటాం. శాఖ వార్షిక నివేదికలో దానికో గడి ఉంటుంది, ఆ గడి ఖాళీగా ఉండకూడదు. ఒక్కరోజు వ్యవధి ఉన్నా ఒప్పుకున్నాను. ఆ గడి కోసం ఒప్పుకోవడం ఒకటి, తయారుచేసే పని చేయడానికి వేరే మనిషి ఉన్నందున ఒప్పుకోవడం ఇంకొకటి.

ఆ మనిషి రజియా. మా శాఖలో గెస్ట్ లెక్చరర్. ఊరు జగ్గయ్యపేట. ఆమె తండ్రి ముక్త్యాల వైపు నుంచి సిమెంటు లోడు లారీలు నడిపేవాడు. చూపు మందగించి స్టీరింగ్ వదిలేశాక ఇల్లు ఆమె మీద పడింది. గెస్ట్ లెక్చరర్ అంటే సెమిస్టరుకు తీసుకునే ఉద్యోగి. సెమిస్టరు అయ్యాక శాఖాధిపతి ప్రిన్సిపాల్‌కు ఒక నోట్ పంపాలి. కొనసాగింపు ఆ నోట్ మీదే ఆధారపడుతుంది. అంటే ఆమె ఉద్యోగం నా చేతిరాతలో ఉండేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

గురువారం ఉదయం రజియా నాలుగు ఫుల్‌స్కేప్ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఫలితాలు ఎటు పోతున్నాయన్న దానికన్నా ఓటరు ఎలా మారుతున్నాడన్నదే అందులో ముఖ్యం. ఒకప్పుడు చేతిపని మీద బతికేవారు, సంఘాల్లో ఉండే కార్మికులు గాడిద వైపు, డిగ్రీలున్న స్థితిపరులు ఏనుగు వైపు ఉండేవారని, ఇప్పుడది తిరగబడుతోందని రాసింది. నగరాల అంచుల్లో ఇళ్లు కొనుక్కున్న చదువుకున్నవారు గాడిద వైపు జరుగుతున్నారు. పల్లెలు, మూతబడ్డ ఫ్యాక్టరీల ఊళ్లు ఏనుగు వైపు గట్టిపడుతున్నాయి. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు ఒక పార్టీ సొత్తు అనే లెక్క చెదురుతోంది, దక్షిణాన ఒక పెద్ద రాష్ట్రంలో అది బాగా కనిపించింది. గర్భస్రావం హక్కు మీద ఆ వేసవిలో వచ్చిన కోర్టు తీర్పు కొన్ని రాష్ట్రాల్లో ఆడవాళ్లను, యువతను పోలింగుకు రప్పించింది. ఒకే రాష్ట్రంలో, అక్కడ ఓటర్లే ఎన్నుకునే గవర్నరుకు ఒక గుర్తు, ఎగువ సభకు ఇంకో గుర్తు వేసినవారున్నారు. దాన్ని మనం క్రాస్ ఓటింగ్ అంటామని, అంటే ఓటరు పార్టీని కాక మనిషిని చూస్తున్నాడని ఆమె వివరించింది.

మన వాళ్లకు అర్థం కావాలని స్థానిక పోలికలు కూడా పెట్టింది. కీసర నుంచి నందిగామ దాకా హైవే పక్కన వచ్చిన కొత్త లేఅవుట్లలో ఉండేవాళ్లు తమ సొంతూళ్లో ఉన్నప్పుడు వేసినట్టే ఇక్కడా వేస్తున్నారా అని అడిగింది. ఫ్యాక్టరీ కాలనీలో ఒకప్పుడు సంఘం నాయకుడు చెబితే అందరూ ఒకటే గుర్తుకు వేసేవారు, ఇప్పుడు ఒకే ఇంట్లో మూడు ఓట్లు మూడు దిక్కులకు పోతున్నాయి అంది. అమెరికాలో జరుగుతున్నది ఇంచుమించు అదే.

చివరి కాగితం మీద ఒక పేరా ఉంది. ఎగువ సభ ఎవరిదో ప్రస్తుతం పడమటి వైపు ఒక ఎడారి రాష్ట్రం మీద ఆధారపడి ఉంది, అక్కడ ఏనుగు అభ్యర్థి ముందంజలో ఉన్నాడు, కానీ అక్కడ ఓటర్లందరికీ బ్యాలెట్లు పోస్టులో పంపుతారు, పోలింగు రోజు ముద్ర పడితే చాలు, ఆ తర్వాత నాలుగు రోజుల దాకా చేరినవీ చెల్లుతాయి, అవి చివర్లో లెక్కకు వస్తాయి, ఎక్కువ పట్టణాల నుంచే వస్తాయి, కనుక ఇప్పుడే తీర్పు చెప్పకూడదు. ఇదీ ఆ పేరా.

దాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను.

ఎందుకు కొట్టేశానో తెలియాలంటే మన లెక్కింపు హాలు ఎలా ఉంటుందో చెప్పాలి. మామూలుగా పద్నాలుగు టేబుళ్లు వేస్తారు. ఒక్కోదానికి ఒక కౌంటింగ్ సూపర్‌వైజర్, ఒక అసిస్టెంట్, వాళ్లను గమనించే మైక్రో అబ్జర్వర్. ఇనుప మెష్ అవతల పార్టీల ఏజెంట్లు. సరిగ్గా ఎనిమిదింటికి రిటర్నింగ్ అధికారి టేబుల్ దగ్గర పోస్టల్ బ్యాలెట్లు విప్పుతారు. అరగంట తర్వాత యంత్రాలు మొదలవుతాయి. సూపర్‌వైజర్ కంట్రోల్ యూనిట్ మీద ఫలితం బటన్ నొక్కి, అంకెలు మెష్ అవతలికి చూపించి, 17-సి ఫారంలో వేసి సంతకం చేస్తాడు. అన్ని టేబుళ్లూ అయితే ఒక రౌండు. ఏడెనిమిది రౌండ్లు గడిచేసరికి ఏజెంట్లలో ఎవరు టీ తాగడానికి పోయి తిరిగి రాలేదో చూస్తే ఫలితం తెలిసిపోతుంది. ఇక పోస్టల్ కవరు ఆ రోజు ఎనిమిదింటి లోపు చేరకపోతే దాన్ని విప్పనే విప్పరు. మన దగ్గర పోస్టల్ ఓట్లు ముందు వస్తాయి, కొద్దిగా వస్తాయి, ఆ తర్వాత అవి ఎవరి కథనూ మార్చవు.

లోకమంతా ఇలాగే ఉంటుందనుకున్నాను. అమెరికాలో కూడా పోస్టల్ ఓట్లు ఈపాటికే కలిపేసి ఉంటారని, కాబట్టి ముందున్నవాడు ముందున్నట్టేనని నా లెక్క. లెక్కింపు విధులు చేసినవాడు తప్ప ఇలాంటి తప్పు ఇంకెవరూ చేయలేరు. స్టాఫ్ రూములో అందరి ఎదుటా రజియాతో, నేను నాలుగు సార్వత్రిక ఎన్నికల్లో కౌంటింగ్ సూపర్‌వైజర్‌ని, పోస్టల్ ముందో వెనకో నాకు చెప్పకు అన్నాను. ఆమె సరే సార్ అని కాగితాలు తీసుకుపోయి, జిరాక్సు తీయించి ఒక ప్రతి నాకిచ్చింది.

ఆ సాయంత్రం చిల్లకల్లు దాటి పేటలోకి వెళ్లేసరికి హాలు నిండింది. రిటైరైన టీచర్లు, ఇద్దరు లాయర్లు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల గుమస్తాలు, మిర్చి వ్యాపారులు. రజియా ముందు వరుసలో కూర్చుంది. నేను ఆమె నాలుగు కాగితాలూ, కొట్టేసిన పేరా తప్ప, దాదాపు చూసి చదివినట్టే చెప్పాను. కీసర లేఅవుట్ల పోలికకు నవ్వారు, ఫ్యాక్టరీ కాలనీ మాటకు తలలూపారు. చప్పట్లు అప్పుడే పడ్డాయి. అక్కడితో దిగిపోతే బాగుండేది. ముగింపుగా, ఎగువ సభ కూడా ఏనుగుదే, గాలి గట్టిగానే వీచింది, రాసి పెట్టుకోండి అన్నాను.

మొదట్లో నేను చెప్పుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులని చదివేవారికి ఈపాటికి తెలిసే ఉంటుంది. గాలి లేదని జగ్గయ్యపేటలో చెప్పింది నేను కాదు. గాలి ఉందని చెప్పింది నేనే.

అప్పుడు మూడో వరుసలో నల్లకళ్లద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఒకరు లేచి, ఆ ఎడారి రాష్ట్రంలో ఇంకా ఎన్ని ఓట్లు లెక్కపెట్టాలో అడిగారు. నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా, ముందున్నవాడే గెలుస్తాడు గదండీ అని దాటవేశాను. ఆయన కూర్చోలేదు.

“గరికపాడు చెక్‌పోస్టు కాడ ముందు నిలబడ్డ పది లారీలూ సిమెంటువైతే లైనంతా సిమెంటేనని రాసుకోం గదండీ,” అన్నారు. “వెనకాల మిర్చి లోడు ఉండొచ్చు.”

హాల్లో కొందరు ఆయన వైపు తిరిగారు. నాకు ఎక్కడో తగిలింది. ఆ సంగతి మా అమ్మాయి చెబుతుందని మైకులోనే రజియాను లేపాను. ఆమె లేచి, తడుముకోకుండా చెప్పింది.

“చాలా ఉన్నాయి సార్. పోస్టులో వచ్చినవే ఎక్కువ. ఇంకా వస్తూనే ఉన్నాయి. అవి తేలేదాకా ఆ సీటు ఎవరిదో చెప్పలేం.”

“మా అమ్మాయికి ఇంతవరకు కౌంటింగ్ డ్యూటీ పడలేదండీ,” అన్నాను. “పడితే తెలుస్తుంది, పోస్టల్ ముందో వెనకో.”

హాలు నవ్వింది. ఆమె సొంత ఊరు, ఆమె చదువు చెప్పిన పిల్లల తల్లిదండ్రులు కొందరు అందులో ఉన్నారు. ఆమె కూర్చుంది. పెద్దాయన కూడా కూర్చున్నారు. తిరుగు బస్సు ఎక్కించడానికి వచ్చిన మండలి కార్యదర్శిని, ఆ నల్లకళ్లద్దాలాయన ఎవరండీ అని మాట వరసకు అడిగాను. “మస్తాన్ గారండీ, రజియా వాళ్ల నాన్న. కూతుర్ని మీరు స్టేజీ మీదికి పిలుస్తారేమోనని ఆటో కట్టించుకుని వచ్చాడు,” అన్నాడాయన.

ఆదివారం ఉదయానికి ఆ ఎడారి రాష్ట్రం తేలింది. వెనకొచ్చిన పోస్టల్ ఓట్లతో గాడిద అభ్యర్థి దాటిపోయింది. ఎగువ సభ అధ్యక్షుడి పార్టీ దగ్గరే నిలిచింది. దిగువ సభ ఆ తర్వాత ఏనుగుకు దక్కినా అది కొద్ది తేడాతోనే. గాలి లేదు. రజియా రాసినట్టే, ఓటరు రాష్ట్రానికో రకంగా, ఊరికో రకంగా చీలి వేశాడు.

ఇక్కడ నా అనుభవం గురించిన మాట కూడా సరిచేయాలి. నేను కౌంటింగ్ సూపర్‌వైజర్‌గా కూర్చున్నది ఒక్కసారి. రెండుసార్లు అసిస్టెంట్‌ని. నాలుగోసారి నన్ను రిజర్వులో ఉంచారు. రిజర్వు అంటే ఎవరైనా రాకపోతే వాడుకునే మనిషి. ఆ రోజు అందరూ వచ్చారు. సాయంత్రం దాకా షామియానా కింద కూర్చుని, పులిహోర పొట్లం తిని, హాజరు పట్టీలో సంతకం పెట్టి ఇంటికి వచ్చాను. ఆ పులిహోరను కూడా సూపర్‌వైజర్ అనుభవంలో కలుపుకుని రజియాను కసిరాను.

సోమవారం కార్యదర్శి ఫోన్ చేశాడు. తమ సంచికకు ప్రసంగ పాఠం కావాలన్నాడు. నేను చెప్పింది తప్పయిందని ఒక్క వాక్యం చేర్చి పంపవచ్చు. పంపలేదు. రజియా కాగితాల జిరాక్సు నా సొరుగులో ఉంది. దాన్ని నా చేతిరాతలోకి ఎక్కించాను. కొట్టేసిన పేరాను తిరిగి పెట్టాను. దాని ముందు, లెక్కింపు విధుల్లో నాకున్న అనుభవం వల్ల ఈ సంగతి ముందే ఊహించగలిగాను అని నా వాక్యం ఒకటి చేర్చాను. పైన నా పేరు ఒక్కటే రాశాను. కార్యదర్శి చదివి, ఆ రోజు మీరు వేరేగా చెప్పినట్టు గుర్తండీ అన్నాడు. అది సభికులను పరీక్షించడానికి అన్నానండీ అన్నాను. ఆయన పెద్దమనిషి, నమ్మినట్టే ఊరుకున్నాడు.

రజియా ఈ వ్యవహారం గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే ఆమె పేరు కూడా పెట్టేవాణ్నేమో.

డిసెంబరులో సంచిక స్టాఫ్ రూముకు వచ్చింది. మాతో పనిచేసే అధ్యాపకులు చదివి నన్ను మెచ్చుకున్నారు. రజియా కూడా ఆ పేజీలు నిలబడే చదివింది. మూసి బల్ల మీద పెట్టి, హాజరు పుస్తకం తీసుకుని క్లాసుకు వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆమె ఎవరితో మాట్లాడుతున్నా నా గురించే అనిపించేది. ప్రిన్సిపాల్ గది వైపు నడిస్తే నాకు పని సాగేది కాదు.

సెమిస్టరు ముగిసింది. నోట్ రాయాల్సి వచ్చింది. దానికి మూడు శీర్షికలుంటాయి: విషయ పరిజ్ఞానం, బోధన, సహకారం. మొదటి రెండింటి కింద తృప్తికరం అని రాశాను. నిజానికి అత్యుత్తమం అని రాయాల్సింది. మూడో దాని కింద, పై వారి సూచనలు ఖాతరు చేయరు, తొందరపాటు ఉంది అని రాశాను. ప్రిన్సిపాల్ గారు చూసి, పిల్లలు ఆ అమ్మాయి బాగా చెబుతుందంటున్నారే అన్నారు. చెబుతుందండీ, మాట వినదు అన్నాను. మా కళాశాలలో అంతకంటే పెద్ద నేరం లేదు. జనవరిలో ఆమె స్థానంలో వేరే అభ్యర్థి వచ్చారు. ఆమె ఖాళీ చేసిన సొరుగులో సుద్దముక్కల డబ్బా ఒకటి మిగిలింది. దాన్ని నేనే వాడుకున్నాను.

2024లో నేను పదవీ విరమణ చేశాను. రజియా ఇప్పుడు కోదాడలో ఒక జూనియర్ కళాశాలలో సివిక్స్ చెబుతోంది. రోజూ పొద్దున్నే బస్సులో గరికపాడు దాటి పోయి సాయంత్రానికి తిరిగి వస్తుంది. నందిగామలో ఉండి ఉంటే బస్సు ప్రయాణం తప్పకపోయినా డిగ్రీ బోధన అనుభవం కొనసాగేది. ఆ అనుభవం తెగిపోవడం వల్ల ఆ తర్వాత రెండు ఎంపికల్లో ఆమె వెనకబడిందని వేరేవాళ్ల ద్వారా విన్నాను.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నవి రెండు. ఫలితాల్లో ఓటరు మార్పును చదివేవాడు ముందు ఆ ఊరి లెక్కింపు వరసను చదవాలి. ఎవరి ఓట్లు మొదట లెక్కపెడతారో, ఎవరివి చివర్న వస్తాయో తెలియకుండా, సగం లెక్కలో కనిపించేదాన్ని గాలి అనకూడదు. నేను ఒక హాల్లో నేర్చుకున్న వరసను ఒక దేశం మీద రుద్దాను. ఇక రెండోది, కింది ఉద్యోగి దిద్దినప్పుడు పై ఉద్యోగి ఎర్ర పెన్ను తీస్తే, ఆ తర్వాత అతను రాసే ప్రతి కాగితమూ ఆ పెన్నును కాపాడుకోవడానికే పనికొస్తుంది. నా నోట్ అలాంటి కాగితమే.

ఇప్పుడు అదే పఠన మండలి వారు ఉద్యోగ జ్ఞాపకం ఒకటి రాయమన్నారు. ఇంతవరకు రాసి, అచ్చుకు ఇచ్చే ముందు, ఆమె పేరు ఉంది కనుక ఒకసారి చూపించాలని పోయిన ఆదివారం జగ్గయ్యపేట వెళ్లాను. మస్తాన్ గారు వరండాలో కూర్చుని ఉన్నారు. నన్ను గొంతు బట్టి పోల్చుకుని, కూర్చోండి మాస్టారూ అన్నారు. రజియా టీ ఇచ్చి, కాగితాలు తీసుకుని, తండ్రికి వినిపించేలా మొదటి నుంచి చదివింది. పులిహోర దగ్గర ఆయన నవ్వారు. నోట్ దగ్గర ఆమె గొంతు మారలేదు. అంతా అయ్యాక వెనక్కి తిప్పి ఒక పేజీ దగ్గర ఆగింది. పెన్నుందా సార్ అని అడిగింది. ఇచ్చాను. నన్నేమీ అడగలేదు అన్న వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసింది.

“ఇది తప్పు సార్. ఆదివారం ఫలితం తేలగానే నేనే మీకు ఫోన్ చేశా. వ్యాసం రాస్తే మీ పేరు కింద నా పేరు కూడా వేయండి సార్, కంటిన్యూ చేయడానికి పనికొస్తది అని అడిగా. సరేనమ్మా అన్నారు.”

అది మరిచిపోయానమ్మా అన్నాను.

“మరిచిపోలేదు సార్. నేను అడిగానని గుర్తుండబట్టే ఆ నోట్ అట్లా రాశారు,” అని పెన్ను నా చేతిలో పెట్టింది.